కాలేజీ ఊరి దర్జీ దుకాణం: వెనకగది చరిత్ర

అమెరికా కాలేజీ ఊళ్లలో క్యాంపస్ దాటగానే రెండు మూడు వీధుల పాత బజారు ఒకటి ఉంటుంది. ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రెండంతస్తుల ఇటుక కట్టడాలు. వాటిలో ఏదో ఒకదాన్ని ఊరివాళ్లు ఇప్పటికీ పాత టైలర్ షాపు అనే అంటారు, లోపల ఏళ్ల తరబడి పిజ్జాలు కాలుస్తున్నా సరే. అలాంటి కట్టడం చరిత్ర రాయబోయేవాళ్లు మామూలుగా యజమానుల పేర్లు, కట్టిన సంవత్సరం, ముందు గోడ నగిషీలు చూసి సరిపెట్టుకుంటారు. అసలు సరుకంతా వెనకగదిలో ఉంటుంది. ముందు బోర్డు మీద దర్జీ పేరు మారకుండానే వెనక కుట్టుపని పోయి ఇస్త్రీ వచ్చి ఉండవచ్చు, ఆ తర్వాత రసాయనాలతో బట్టలు శుభ్రం చేసే పని వచ్చి ఉండవచ్చు. గోడల్లో మిగిలిన గుర్తులు, నేలలో దిగిన రసాయనం, చివరికి కొనేవాడి నెత్తిన పడే బాధ్యత అన్నీ ఆ మార్పులను బట్టే ఉంటాయి.

ఒక చిన్న ఊరికి ముగ్గురు నలుగురు దర్జీలను పోషించే శక్తి ఎక్కడిదన్నది మొదటి ప్రశ్న. అదే జనాభా ఉన్న మరో ఊళ్లో ఒక్క దర్జీ బతకడమే కష్టం. జవాబులో సగం యూనిఫారం. 1862 నాటి మోరిల్ చట్టం కింద భూములు పొందిన కాలేజీల్లో సైనిక శిక్షణ కూడా బోధించాలి. అందుకే చాలా చోట్ల మగపిల్లలకు కేడెట్ దుస్తులు తప్పనిసరి అయ్యాయి. 1916లో జాతీయ రక్షణ చట్టం కాలేజీల్లో సైనిక అధికారులను తయారుచేసే శిక్షణ దళం ఆర్‌ఓటీసీని ఏర్పాటు చేశాక ఆ గిరాకీ మరింత స్థిరపడింది. 1943 జులైలో నౌకాదళం వి-12 అనే అధికారుల శిక్షణ పథకాన్ని 131 కాలేజీల్లో మొదలుపెట్టింది. సర్కారు ఇచ్చే యూనిఫారం ఒంటికి సరిగ్గా కూర్చోదు కాబట్టి ఆ ఊళ్లలో మరమ్మతు పని వచ్చిపడింది. మిగతా సగం ఫ్రాటర్నిటీలనే విద్యార్థి సంఘాల విందులు, నాట్యాలు, పట్టా పుచ్చుకునే రోజు. యేల్ విద్యార్థుల మీదే ఆధారపడి 1902లో న్యూ హేవెన్‌లో పుట్టిన జె. ప్రెస్ లాంటి దుకాణాలు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. అయితే అది మినహాయింపు. మామూలు దుకాణానికి సెప్టెంబరులో ఊపిరి సలపదు, జూన్ తర్వాత ఈగలు తోలుకోవడమే.

ఈ ఎగుడుదిగుడు రాబడి వల్లే కాలేజీ దర్జీ అప్పు మీద బతికేవాడు. అప్పు ఇచ్చేవాడు కూడా. విద్యార్థి ఖాతా రాయించుకుంటాడు, తండ్రి ఎప్పుడో కడతాడు. మైనరుకు అత్యవసరం కాని సరుకు అమ్మితే కోర్టులో వసూలు కాదన్న సూత్రం ఇంగ్లిష్ న్యాయం నుంచి అమెరికాకూ వచ్చింది. 1908లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన నాష్ వర్సెస్ ఇన్మన్ కేసు ఇలాంటిదే. కేంబ్రిడ్జి విద్యార్థికి పదకొండు ఫ్యాన్సీ వెయిస్ట్‌కోట్లు సహా బట్టలు కుట్టి ఇచ్చిన దర్జీకి పైసా రాలలేదు. కుర్రవాడికి అప్పటికే సరిపడా బట్టలున్నాయి మరి. కట్టడం చరిత్రకు దీనితో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. అప్పుల పాలైన దర్జీ కుట్టు మిషన్లు, బల్లలు, అద్దాలు, బాయిలరు తాకట్టు పెట్టినప్పుడు కౌంటీ ఆఫీసులో వాటి జాబితా నమోదవుతుంది. దివాలా తీస్తే 1898 దివాలా చట్టం కింద ఫెడరల్ కోర్టులో ఆస్తుల పట్టిక దాఖలు చేయాలి. ఆ ఫైళ్లు చాలావరకు జాతీయ ఆర్కైవ్స్ ప్రాంతీయ కేంద్రాలకు చేరాయి. ఫలానా సంవత్సరంలో వెనకగదిలో ఏ యంత్రం ఉందో ఇంత కచ్చితంగా చెప్పే కాగితం అరుదు. ఎక్కువమంది దాని జోలికే పోరు.

మామూలుగా పోయే దారి దస్తావేజులది. కౌంటీ రిజిస్ట్రారు దగ్గర అమ్మినవాళ్ల సూచీ, కొన్నవాళ్ల సూచీ వేరువేరుగా ఉంటాయి. ఇప్పటి యజమాని పేరును కొన్నవాళ్ల సూచీలో పట్టుకుని, అతనికి అమ్మినవాడెవడో చూసి, ఆ పేరుతో మళ్లీ వెనక్కి పోవాలి. లంకె తెగిందంటే సాధారణంగా వీలునామా దగ్గరో, పన్ను బకాయి వేలం దగ్గరో తెగి ఉంటుంది. వీలునామా అయితే వారసత్వ వ్యవహారాలు చూసే ప్రొబేట్ కోర్టు రికార్డు చూడాలి. దస్తావేజులో స్థలం ఉంటుంది కానీ కట్టడం ఉండదు. అదే స్థలానికి ధర ఒక్కసారిగా నాలుగైదు రెట్లు పెరిగితే మధ్యలో ఏదో కట్టారని ఊహించవచ్చు, అంతకుమించి కాదు. ఉమ్మడి గోడ ఒప్పందం దొరికితే మాత్రం పండగే. పక్కవాడు కట్టిన గోడలో తన దూలాలు దూర్చుకునే హక్కుకు ఎంత చెల్లించిందీ, ఏ తేదీన చెల్లించిందీ అందులో ఉంటుంది. అది ఇంచుమించు కట్టుబడి మొదలైన తేదీయే. పన్నుల శాఖ రికార్డులో కట్టిన సంవత్సరం 1900 అనో 1920 అనో గుండ్రంగా కనిపిస్తే దాన్ని నమ్మకూడదు. ఎవరో గుమస్తా అంచనాగా వేసిన అంకె తరాల తరబడి అలాగే కాపీ అవుతూ వస్తుంది.

కట్టడాన్ని చూపించేది శాన్‌బోర్న్ పటం. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం 1867లో మొదలైన ఈ సంస్థ సుమారు 12,000 ఊళ్లకు పటాలు గీసింది. అంగుళానికి 50 అడుగుల కొలత. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి. అంతస్తుల సంఖ్య, గోడ మందం, కప్పు రకం, కిటికీలు అన్నీ ఉంటాయి. మడిగె లోపల ఏ వ్యాపారమో ఒక్క ముక్కలో రాస్తారు. అగ్గి భయం ఉన్నచోట పెట్రోలు వాడకం, బాయిలరు, పొయ్యి విడిగా గుర్తిస్తారు. దర్జీ దుకాణం విషయంలో మనకు కావలసింది కూడా సరిగ్గా అదే. చాలామంది దెబ్బతినేది అతుకుల దగ్గర. కొత్త పటం అచ్చువేసే ఖర్చు తప్పించుకోవడానికి కంపెనీ దిద్దుబాటు చీటీలు పంపి పాత షీటు మీదే అంటించేది. అందువల్ల అట్ట మీద 1912 అని ఉన్న షీటులో ఇరవై ఏళ్ల తర్వాతి కట్టడం కనిపించవచ్చు. కాంగ్రెస్ లైబ్రరీ స్కాన్ చూసేటప్పుడు కాగితం అంచు నీడ పడుతోందా, పక్క గీత కలవకుండా తెగుతోందా అని గమనించి, దిద్దుబాట్ల తేదీల పట్టిక ఉంటే అదీ చదవాలి.

సిటీ డైరెక్టరీలు ఏటా ఎవరు ఎక్కడ ఉన్నదీ చెబుతాయి. కానీ వివరాలు సేకరించేది అచ్చుకు కొన్ని నెలల ముందు. 1925 డైరెక్టరీలో పేరుందంటే 1924లో దుకాణం ఉన్నట్టు లెక్క. వీధి పేరును బట్టి కూర్చిన భాగం తొలినాటి సంచికల్లో ఉండదు కాబట్టి పేర్ల వరసనే తిరగేయాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంటి నంబర్లు మారడం. 19వ శతాబ్ది చివరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఎన్నో ఊళ్లు నంబర్లు తిరగరాశాయి. 14వ నంబరు దర్జీ మరుసటి ఏడాది 112లో కనిపిస్తే అతను మకాం మార్చాడని రాసేస్తారు. పక్క దుకాణాలన్నీ అదే ఏడాది దూకాయా లేదా అన్నది చూసుకుంటే ఈ తప్పు జరగదు.

దక్షిణాది డైరెక్టరీల్లో నల్లజాతివారి పేర్ల పక్కన నక్షత్రం గుర్తో, కుండలీకరణంలో ఒక అక్షరమో పెట్టేవారు. అవమానకరమైన ఆ పద్ధతే ఇప్పుడు ఆధారంగా మిగిలింది. కాలేజీ బజారులో కుట్టు, ఇస్త్రీ పనులు ఎంతవరకు నల్లజాతి దర్జీల చేతుల్లో ఉండేవో దాన్ని బట్టి తెలుస్తుంది. 1936 నుంచి మూడు దశాబ్దాల పాటు నల్లజాతి ప్రయాణికుల కోసం వెలువడిన గైడు గ్రీన్ బుక్‌లో హోటళ్లు, మంగలి షాపులతోపాటు దర్జీలకూ ఒక శీర్షిక ఉండేది. జనాభా లెక్కల్లో 1910 నుంచి ఒక మనిషి సొంతంగా పని చేస్తున్నాడా, కూలికి చేస్తున్నాడా, మనుషుల్ని పెట్టుకున్నాడా అన్నది రాశారు. 1890 లెక్కలు మాత్రం 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏమీ మిగల్లేదు. 72 ఏళ్ల గోప్యత నియమం వల్ల 1950 లెక్కలు 2022లో బయటికొచ్చాయి, 1960వి 2032 దాకా రావు.

వీటన్నిటికంటే బాగా పనికొచ్చేది విద్యార్థి పత్రికే. యేల్ డైలీ న్యూస్ 1878లో, కార్నెల్ డైలీ సన్ 1880లో, మిషిగన్ డైలీ 1890లో, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు టార్ హీల్ 1893లో మొదలయ్యాయి. వీటికి ప్రకటనలిచ్చేవాళ్లలో దర్జీలు ముందువరసలో ఉండేవారు. ప్రకటనలో చిరునామా కంటే చేసే పని చూడాలి. గుడ్డ నమూనాలు వచ్చాయి అంటే ఒక కథ, ఆవిరి ఇస్త్రీ అంటే మరొకటి, మా సొంత ప్లాంటులో శుభ్రం చేస్తాం అంటే పూర్తిగా వేరే కథ. ఇయర్‌బుక్ చివరి పేజీల ప్రకటనల్లో దుకాణం ముందు భాగం ఫొటో కూడా ఒక్కోసారి దొరుకుతుంది.

వెనకగది మొదటి దశ స్వయంగా గుడ్డ నిల్వ పెట్టుకుని, కొలిచి, కత్తిరించి, కుట్టే దర్జీది. అతనికి కావలసింది వెలుతురు. బజారు మడిగె వెడల్పు 20 నుంచి 25 అడుగులు, లోతు 80 నుంచి 100 అడుగులు, రెండు పక్కలా ఉమ్మడి గోడలు. వెలుతురు ముందు నుంచి, వెనక నుంచి, పైకప్పు నుంచి మాత్రమే రావాలి. ముదురు నీలానికీ నలుపుకూ తేడా దీపం కింద తెలియదు కాబట్టి కత్తిరింపు బల్ల ముందు కిటికీ దగ్గరో, పై అంతస్తులో ఉత్తరం వైపు కిటికీ కిందో పడేది. 1897 నుంచి షికాగోకు చెందిన లక్స్‌ఫర్ కంపెనీ నాలుగంగుళాల చదరపు ప్రిజమ్ గాజు పలకలు అమ్మింది. ముందు కిటికీ పైభాగంలో బిగిస్తే ఎండను వంచి మడిగె లోతుకు పంపుతాయి. తర్వాతి కాలంలో పైకప్పు కిందికి దించినప్పుడు ఇవి కొత్త సీలింగు పైన చీకట్లో ఉండిపోయాయి. సీలింగు పలక ఒకటి తీసి టార్చి వేస్తే చాలా కట్టడాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

కత్తిరింపు బల్ల తర్వాతి స్థానం పొయ్యిది. దర్జీ ఇస్త్రీపెట్టె ఐదు నుంచి తొమ్మిది కిలోల ఇనుప దిమ్మ. దాన్ని పొయ్యి మీద కాల్చి, తడిగుడ్డ పరిచి, అదిమి పట్టాలి. వెనక గోడలో రెండో పొగగొట్టం రంధ్రం, మూసేసిన గుండ్రని రేకు మూత కనిపిస్తే అది చలికాచుకునే పొయ్యిది కాకపోవచ్చు. అలాంటిది మెట్ల గోడకు కాక కిటికీ పక్కన ఉందంటే ఇస్త్రీ పొయ్యి అనే అనుమానం బలపడుతుంది.

రెండో దశ షికాగో నుంచి వచ్చింది. పెద్ద టోకు కంపెనీలు గుడ్డ ముక్కల నమూనా పుస్తకాలు ఊరూరా ఏజెంట్లకు పంపేవి. ఏజెంటు కొలతలు తీసి పంపితే కుట్టిన సూటు రైల్లో వచ్చేది. చిన్న ఊరి దర్జీలు చాలామంది ఇలా కొలిచేవాళ్లుగా, సరిచేసేవాళ్లుగా మిగిలిపోయారు. అప్పటికి పై అంతస్తు కుట్టుగది ఖాళీ అయింది. దాన్ని విద్యార్థులకు గదులుగా అద్దెకిచ్చారు. ఒక పెద్ద గదిని పలకలతో విడగొట్టిన ఆనవాళ్లు, గోడకు ఆనని సీలింగు అంచుపట్టీ, కిటికీ మధ్యలోకి వచ్చి తగిలే అడ్డుగోడ ఉంటే ఆ మార్పు ఆ రోజుల్లోదే అనుకోవచ్చు. అడ్డుగోడ మేకులు చూస్తే ఇంకొంత తేలుతుంది. 1890ల తర్వాత నలుచదరపు కోత మేకుల స్థానంలో గుండ్రని తీగ మేకులు వచ్చాయి.

దక్షిణాదిలో ఇదే కాలంలో ప్రెసింగ్ క్లబ్బులు వెలిశాయి. నెలకింత అని కడితే సభ్యుడి సూట్లు ఇస్త్రీ చేసి ఇస్తారు. దర్జీకి నెలనెలా నికరమైన డబ్బు కళ్లజూపిన ఏర్పాటు ఇది. ఇస్త్రీ గిరాకీ పెరిగేకొద్దీ దిమ్మ ఇస్త్రీ చాలలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్ దర్జీ ఏడన్ హాఫ్‌మన్ 20వ శతాబ్ది మొదట్లో రూపొందించిన ఆవిరి ప్రెస్ దేశమంతా పాకింది. ప్రెస్‌తోపాటు బాయిలరు, ఆవిరి గొట్టాలు, నీరు తిరిగొచ్చే గొట్టం, పొగగొట్టం వచ్చాయి. చెక్క నేల ఆ బరువూ అదురూ మోయలేదు కనుక వెనక భాగంలో నేల తవ్వి కాంక్రీటు పోశారు. నేలలో నాలుగు మూలలా కోసేసిన బోల్టులతో దీర్ఘచతురస్రపు సిమెంటు అతుకు కనిపించిందంటే వెనకగది కథ మారిన చోటు అదే.

ముందు గోడ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరూ చెప్పేదే. సెయింట్ లూయిస్‌కు చెందిన మెస్కర్ బ్రదర్స్, ఇండియానాలోని ఎవాన్స్‌విల్‌కు చెందిన జార్జ్ ఎల్. మెస్కర్ కంపెనీ తపాలా ఆర్డరు మీద ఇనుప ముఖభాగాలు పంపేవి. స్తంభం అడుగున కంపెనీ పేరు పోతపోసి ఉంటుంది, రంగు గీకితే బయటపడుతుంది. 1934 జాతీయ గృహ చట్టం కింద బీమా ఉన్న మరమ్మతు రుణాలు దొరికాక దుకాణాలు రంగుగాజు పలకలు తొడుక్కున్నాయి. వాటిని పట్టి ఉంచే తారు ముద్ద ఎండి పట్టు వదిలితే పలక మొత్తంగా ఊడిపడుతుంది. 1950, 60లలో దాని మీద అల్యూమినియం తొడుగు వేశారు. తొడుగు చదునుగా కూర్చోవడానికి పై కార్నీసును, అంటే గోడ పైన ముందుకు పొడుచుకొచ్చిన అంచును, నరికేశారా లేదా అన్నది విప్పేదాకా తెలియదు. అందుకే పునరుద్ధరణ అంచనా వేసేముందు ఒక్క పలక విప్పి చూడాలి.

మడిగెను పాత రూపానికి తేవాలనుకునేవాళ్లకు ఫెడరల్ పన్ను రాయితీ ఖర్చులో 20 శాతం, ఐదేళ్లకు పంచి ఇస్తారు. కట్టడం చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో ఉండాలి, లేదా నమోదైన చారిత్రక ప్రాంతంలో భాగంగా గుర్తింపు పొందాలి. ఆదాయం ఇచ్చేదై ఉండాలి. పెట్టే ఖర్చు స్థలం విలువ తీసేసిన కట్టడపు పన్ను లెక్కల విలువను మించాలి, అది 5,000 డాలర్ల లోపు అయితే 5,000ను మించాలి. ముందు ఫొటోలు తీయకుండా పని మొదలుపెట్టినవాళ్లకు పాత స్థితి రుజువు చేసుకోవడం తలనొప్పి. ఇటుకల మధ్య దర్జులు నింపేటప్పుడు జరిగే తప్పు ఇంకా ఖరీదైనది. పాత మెత్తటి ఇటుకకు సున్నపు గచ్చే సరి. గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటు పెడితే తేమ దర్జులోంచి పోలేక ఇటుకలోంచి పోతుంది, చలికి గడ్డకట్టి ఇటుక ముఖం పొరలుగా రాలుతుంది. పాత గచ్చును దర్జు వెడల్పుకు కనీసం రెండు, రెండున్నర రెట్ల లోతు దాకా తీయాలి. పైపైన పూస్తే రెండు మూడు చలికాలాల్లో ఊడిపోతుంది.

వీటన్నిటికీ ముందు తేల్చుకోవలసింది మూడో దశ సంగతి. ఇస్త్రీ చేసేవాడు మరకలు కూడా తీయాలి కదా. మొదట పెట్రోలు, నాఫ్తా వాడారు. మంటలు లేచేవి. అందుకే ఆ పని మడిగె నుంచి వెనక సందులోని షెడ్డుకు మారింది, శాన్‌బోర్న్ పటంలోనూ ఆ షెడ్డు విడిగా కనిపిస్తుంది. 1920ల చివర్లో అట్లాంటా డ్రైక్లీనరు స్టాడార్డ్ పేరు మీద వచ్చిన ద్రావకం 38 డిగ్రీల సెల్సియస్ లోపు వేడిలో అంటుకోదు. భయం కొంత తగ్గింది కానీ భూమిలో ట్యాంకులు మిగిలాయి. సందులో రోడ్డు అంచున మూత బిగించిన ఇనుప గొట్టం ఉంటే దాని అడుగున ట్యాంకు ఉందేమో కనుక్కోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెర్‌క్లోరోఎథిలీన్, పనివాళ్ల మాటలో పెర్క్, ఆ స్థానంలోకి వచ్చింది. అది మండదు. మండదు కాబట్టి యంత్రం మళ్లీ షెడ్డు నుంచి మడిగె లోపలికి, విద్యార్థులు నివసించే గదుల కిందికి వచ్చింది. అగ్నిభద్రత కోసం చేసిన మేలే ఇంకో కీడుకు దారి వేసింది.

పెర్క్ నీటికంటే 1.6 రెట్లు బరువు. పెట్రోలు భూగర్భజలం మీద తేలుతుంది, ఇది మునిగి అడుగు బంకమట్టి దాకా దిగిపోతుంది. తొలి యంత్రాల్లో ఉతకడం ఒక చోట, ఆరబెట్టడం ఇంకో చోట. తడిసిన బట్టలు చేత్తో మోసేటప్పుడు నేల మీద కారేది. కాంక్రీటు దాన్ని ఆపదు. యంత్రం ద్రావకాన్నీ నీటినీ వేరు చేసి ఆ నీటిని కాలువలోకి వదిలేది. అందులో కరిగిన పెర్క్ పాత మట్టి గొట్టాల అతుకుల్లోంచి నేలలోకి ఇంకింది. అందుకే కలుషితం యంత్రం కింద కాకుండా మురుగు గొట్టం వెంబడి పొడుగ్గా కనిపించడం మామూలు. ఆక్సిజన్ లేని మట్టిలో ఇది క్రమంగా విరిగి వినైల్ క్లోరైడ్‌గా మారుతుంది, అది అసలుదానికంటే ప్రమాదకరం. తాగునీటిలో పెర్క్‌కు ఫెడరల్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. డ్రైక్లీనింగ్‌లో దాని వాడకాన్ని పదేళ్లలో ఆపే నిబంధనను పర్యావరణ రక్షణ సంస్థ 2024 డిసెంబరులో ఖరారు చేసింది.

1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం కలుషితం చేసినది పాత అద్దెదారే అయినా శుద్ధి ఖర్చు ఇప్పటి యజమాని మీద పడవచ్చు. కొనేముందు తగిన విచారణ చేయించినవాడికి 2002 సవరణ రక్షణ ఇస్తుంది. ఆ విచారణనే ఫేజ్ వన్ అంటారు, దానికి ప్రామాణికం ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసిన ఈ1527-21. స్థలం మొదట వాడకంలోకి వచ్చిన నాటికి గానీ 1940కి గానీ, ఏది ముందైతే అక్కడి దాకా వెనక్కి వెళ్లి చూడాలి. ముఖ్యమైన అంశాలను రిజిస్ట్రేషన్‌కు ముందు 180 రోజుల్లోపు చేసి ఉండాలి. పాతబడిన రిపోర్టును చూపి కొన్నవాళ్లకు ఆ రక్షణ దక్కదు. కన్సల్టెంటు తిరగేసేవి మళ్లీ అవే శాన్‌బోర్న్ పటాలు, డైరెక్టరీలు. అయితే దర్జీ అని మాత్రమే రాసి ఉంటే ప్రమాదం లేదనుకుని దాటిపోయే కన్సల్టెంట్లున్నారు. విద్యార్థి పత్రికలో సొంత ప్లాంటు ప్రకటన ముందుగా పట్టుకుని వాళ్ల చేతిలో పెట్టడం మేలు.

అనుమానం గట్టిపడితే నేల పలకకు చిన్న రంధ్రం చేసి అడుగు గాలి నమూనా తీస్తారు. ఆవిరి ఉందని తేలితే మూడు నాలుగంగుళాల గొట్టం నేల కింద నుంచి పైకప్పు దాటించి, ఫ్యానుతో ఆ గాలిని నిరంతరం పీల్చి పారేస్తారు. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు ఉంటే గొట్టం మూలగోడ వెంట, వాళ్ల కిటికీలకు దూరంగా పోవాలి. పూర్తి శుద్ధికి ఏళ్లు పట్టవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో డ్రైక్లీనర్ల కోసమే ప్రత్యేక నిధులున్నాయి. ఇలాంటి కేసు నడిచిన కట్టడానికి రాష్ట్ర పర్యావరణ శాఖలో ఒక ఫైలు ఉంటుంది. ఏ సంవత్సరం ఏ అద్దెదారు ఉన్నాడు, యంత్రం ఏ మూల ఉండేది, కాలువ ఎటు పోయేది అన్న పటాలతో సహా అందులో దొరుకుతుంది, ఎవరైనా అడిగి చూడవచ్చు. దర్జీ దుకాణం చరిత్ర రాసేవాళ్లు దస్తావేజుల కంటే ముందు ఈ ఫైలుకు దరఖాస్తు పెడితే సగం పని అక్కడే తీరుతుంది.